తిరుపతిలో ఓటేసేది ఒకరికి, ఊరిని నడిపేది ఎందరో: కార్పొరేషన్, తుడా, టీటీడీ లెక్క ఏందో చూద్దాం

కార్పొరేషన్ ఎలక్షన్ మాట వినపడితే చాలు మన ఊర్లో సర్కిల్ సర్కిల్‌కీ ఫ్లెక్సీలు లేస్తాయి, ఫ్లైఓవర్ మేమే తెచ్చినాం అని ఒకరు, కాదు శంకుస్థాపన మాది అని ఇంకొకరు, మధ్యలో ఇంటి ముందర కాలవ పొంగుతాంటే ఎవరికి ఫోన్ చేయాలో తెలియక జనం ఎమ్మెల్యే ఆఫీసుకి పోతారు. అక్కడ చెప్తే తప్పేం లేదు, కానీ ఆ కాలవ ఎమ్మెల్యేది కాదు, ఆ ఫ్లైఓవర్ కార్పొరేటర్‌ది కాదు. అసలు తిరుపతిలో ఏ పని ఎవరి చేతిలో ఉందో తెలియకుండా ఓటేస్తే, గెలిచినోళ్ళని తర్వాత ఏం అడగాలో కూడా మనకి తెలియదు. అందుకే ఈ చిక్కుముడి కొంచెం ఓపిగ్గా విప్పుదాం అనుకుంటున్నా.

మొదట, తిరుపతి అంటే యాడి నుంచి యాడి దాకా? కార్పొరేషన్ కింద ఉండేది సుమారు 30 చదరపు కిలోమీటర్లు, 50 డివిజన్లు. 2011 జనాభా లెక్కల్లో కార్పొరేషన్ జనాభా 2.87 లక్షలు, కానీ చుట్టూ అల్లుకుపోయిన ఊళ్ళు కూడా కలిపి చూస్తే అప్పుడే 4.6 లక్షలు. అంటే తిరుపతి వాళ్ళం అని చెప్పుకునే వాళ్ళలో బోలెడంత మంది అసలు కార్పొరేషన్ ఓటర్లే కాదు. ఎమ్మార్ పల్లి దాటి అవిలాల, తుమ్మలగుంట పక్కకి పొండి, పద్మావతీపురం పొండి, పేరూరు పొండి, తిరుచానూరు పొండి, అన్నీ చూడ్డానికి సిటీనే, అపార్ట్‌మెంట్లు, సూపర్ మార్కెట్లు, అన్నీ ఉంటాయి, కానీ అవి తిరుపతి రూరల్ మండలం పంచాయతీలు, వాళ్ళకి కార్పొరేటర్ ఉండడు, సర్పంచ్ ఉంటాడు. వాళ్ళ ఎమ్మెల్యే తిరుపతి ఎమ్మెల్యే కాదు, చంద్రగిరి ఎమ్మెల్యే. ఇంకా చిత్రం ఏందంటే చంద్రగిరి నియోజకవర్గం చిత్తూరు లోక్‌సభ కిందికి వస్తుంది, కాబట్టి పొద్దున లేస్తే తిరుపతిలోనే తిరిగే మనిషి ఎంపీకి ఓటేసేటప్పుడు మాత్రం చిత్తూరు ఎంపీకి వేస్తాడు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కొత్తగా వచ్చినప్పుడు చంద్రగిరి మన జిల్లాలోకే వచ్చింది, కానీ లోక్‌సభ హద్దులు మారలేదు కదా, అందుకే ఈ తిరకాసు. ఇటు కరకంబాడి పక్కకి పోతే అది రేణిగుంట మండలం, శ్రీకాళహస్తి నియోజకవర్గం. ఒక్క ఊరికి మూడు అసెంబ్లీ సీట్లు, రెండు లోక్‌సభ సీట్లు.

కొండ మీద సంగతి ఇంకా వేరు. తిరుమలలో ఉండే వాళ్ళు అసెంబ్లీకి తిరుపతి సీటులోనే ఓటేస్తారు, కానీ తిరుమలకి కార్పొరేషన్ లేదు, పంచాయతీ లేదు, అక్కడ చెత్త దగ్గర నుంచి బిల్డింగ్ పర్మిషన్ దాకా అంతా టీటీడీ చేతిలోనే, ఈవో చెప్పిందే లెక్క.

ఈ హద్దుల గొడవ కాగితాల్లో ఉంటే మనకేం అనుకుంటాం. 2021 నవంబర్ వరదలు చూసిన వాళ్ళు ఆ మాట అనరు.

ఆ నీళ్ళ దారే ఒకసారి పట్టుకుని పోదాం, ఊరి పరిపాలన అంతా అందులోనే కనిపిస్తుంది. వాన శేషాచలం కొండల మీద పడింది. అది అటవీ శాఖ జాగా, కొంత టీటీడీది. అక్కడ నుంచి కపిలతీర్థం మీదికి ఎర్రనీళ్ళు ఎప్పుడూ చూడనంత ఉధృతంగా దూకినాయి, గుడి దగ్గర మండపం కూడా దెబ్బతినింది. గుడి టీటీడీది. కొండ ఉత్తరాన, స్వర్ణముఖి దక్షిణాన, కాబట్టి నీళ్ళు ఊరి మధ్యలో నుంచి పోవాల్సిందే, ఇంకో దారి లేదు. పాత రోజుల్లో ఆ నీళ్ళని పట్టుకోడానికి వరసగా చెరువులు, గుంటలు, వాటిని కలిపే సప్లై చానళ్ళు ఉండేవి. చెరువులు ఇరిగేషన్ శాఖవి, ఆ చానళ్ళు సిటీలోకి వచ్చేసరికి డ్రైనేజీ కాలవలు అయిపోయినాయి, అవి కార్పొరేషన్‌వి, అదే కాలవ సిటీ హద్దు దాటి రూరల్‌లోకి పోతే పంచాయతీది, అక్కడ దాని మీద లేఅవుట్ వేస్తే పర్మిషన్ చూడాల్సింది తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ. లక్ష్మీపురం సర్కిల్, కొర్లగుంట, ఆటోనగర్ మునిగినాయి, శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంట్లో భూమిలో ఉండాల్సిన నీళ్ళ సంపు నిలువునా పైకి లేచి నిలబడింది, తిరుచానూరు పక్క స్వర్ణముఖి ఒడ్డున ఇల్లు ఏట్లోకి కూలిపోయింది, ఇంకో పక్క రాయలచెరువు కట్ట తెగుతాదేమో అని కింద ఊళ్ళని ఖాళీ చేయించినారు. దానికి నెల ముందే, అక్టోబర్‌లో, వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నిలిచిన నీళ్ళలోకి పెళ్ళి వాళ్ళ బండి పోయి ఒక అమ్మాయి ప్రాణం పోయింది. ఆ బ్రిడ్జి రైల్వేది, కింద రోడ్డు నీళ్ళు తోడాల్సింది కార్పొరేషన్.

ఒకే వాన నీళ్ళు, దారిలో ఆరేడు ఆఫీసులు. ప్రతి ఆఫీసూ తన ముక్క వరకు సరిగ్గానే ఉందని చెప్పగలదు, ఫైల్ కూడా చూపించగలదు. పైన నుంచి కింద దాకా ఆ నీళ్ళు మొత్తం నా బాధ్యత అని చెప్పే కుర్చీ మాత్రం ఊర్లో ఒక్కటి కూడా లేదు. నాకు తెలిసి తిరుపతి అసలు సమస్య ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు.

సరే, ఇప్పుడు ఒక్కో ఆఫీసు చేతిలో ఏముందో చూద్దాం.

తిరుపతి మున్సిపాలిటీ పాతది, 1886లో పుట్టింది. 2007లో కార్పొరేషన్ అయింది. తిలక్ రోడ్డులో ఆఫీసు. పేరుకి మేయర్ మొదటి పౌరుడు, కానీ రోజూ పనులు చేయించే అధికారం కమిషనర్‌ది, ఆ కమిషనర్‌ని పంపించేది రాష్ట్ర ప్రభుత్వం, బదిలీ చేసేదీ ప్రభుత్వమే. కౌన్సిల్ తీర్మానాలు చేస్తుంది, బడ్జెట్ ఓకే చేస్తుంది, స్టాండింగ్ కమిటీ కొన్ని ఖర్చులు చూస్తుంది. వీధి లైటు, చెత్త, కాలవ పూడిక, మంచినీళ్ళ పైపు, లోపలి రోడ్లు, ఇంటి ప్లాన్ అప్రూవల్, ఇవి కార్పొరేషన్ పనులు. మన ఇంటి పన్ను పోయేది ఇక్కడికే. 2020లో చట్టం మార్చి 2021-22 నుంచి అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద పన్ను లెక్క పెట్టడం మొదలైంది, ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదు అని పరిమితి పెట్టినారు. పన్ను ఎంత అనేది నిజంగా ఎవరు డిసైడ్ చేసినారు అంటే, మన కార్పొరేటర్ కన్నా అమరావతిలో ఉండే వాళ్ళే ఎక్కువ. తర్వాత వచ్చిన చెత్త పన్ను కూడా అంతే, రాష్ట్రం పెట్టింది, 2024 ఆఖర్లో రాష్ట్రమే తీసేసింది. మధ్యలో తిట్లు తినింది మాత్రం ఇంటింటికీ తిరిగిన వార్డు సచివాలయం పిల్లలు, కార్పొరేటర్లు.

మంచినీళ్ళు కూడా మన చేతిలో పూర్తిగా లేవు, కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగుగంగ కింద కండలేరు నుంచి రావాల. కండలేరు నీళ్ళు ఎవరికి ఎంత అనేది ఇరిగేషన్ వాళ్ళ లెక్క, కౌన్సిల్‌లో చేతులెత్తితే తేలేది కాదు.

తుడా 1981లో వచ్చింది. మాస్టర్ ప్లాన్, లేఅవుట్లు, ఊరు ఎటు పెరగాల అనేది చూడాల్సిన సంస్థ. చైర్మన్‌ని జనం ఎన్నుకోరు, అధికారంలో ఉన్న పార్టీ ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళిక అనేది మున్సిపాలిటీలకి ఇవ్వదగ్గ పని అని 12వ షెడ్యూల్‌లో మొదటి లైన్లోనే రాసింది, కానీ మన దగ్గర ఊరి మ్యాపు గీసే పెన్ను కౌన్సిల్‌కి ఇవ్వలేదు, తుడాకి ఇచ్చినారు. ప్లాన్‌లో రోడ్డు ఎటు పోతుందో ముందే తెలిసినోడికి ఆ రోడ్డు పక్క స్థలం కొనుక్కునే తీరిక ఉంటుంది, తెలియనోడు తర్వాత అదే స్థలం ఫ్లాట్‌గా నాలుగింతల రేటుకి కొంటాడు. తుడా కుర్చీ కోసం ప్రతి ప్రభుత్వంలోనూ అంత పోటీ ఎందుకు ఉంటుందో ఇందులోనే అర్థం అవుతుంది. ఇంకో మాట, చాలా మందికి తెలియదు, టీటీడీ బోర్డులో తుడా చైర్మన్ ఎక్స్ అఫీషియో మెంబర్, అంటే ఆ పదవిలో ఉన్నందుకే వచ్చే సభ్యత్వం. జనం ఓట్లతో వచ్చిన కౌన్సిల్‌కి నాయకత్వం వహించే మేయర్‌కి ఆ కుర్చీ లేదు. ఊరి మీద ఏ అధికారానికి ఎంత విలువ ఇచ్చినారో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాల?

ఇంక కేంద్రం స్మార్ట్ సిటీ పథకం. 2016 సెప్టెంబర్‌లో తిరుపతి ఆ లిస్టులో చేరింది, దానికోసం తిరుపతి స్మార్ట్ సిటీ కార్పొరేషన్ లిమిటెడ్ అని విడిగా కంపెనీ పెట్టినారు. కంపెనీ అంటే నిజంగానే కంపెనీ, బోర్డు ఉంటుంది, డైరెక్టర్లు ఉంటారు, టెండర్లు అక్కడే తేలతాయి. కేంద్రం డబ్బులు త్వరగా ఖర్చు కావాల, రాజకీయాలు అడ్డం రాకూడదు అని పెట్టిన పద్ధతి ఇది. త్వరగా అయితే కొంత అయింది, కానీ కౌన్సిల్ మీటింగులో ఒక కార్పొరేటర్ లేచి ఈ పని మా డివిజన్లో ఎందుకు ఆగింది అని నిలదీస్తే, అది కంపెనీ పని అని తప్పించుకునే వీలు కూడా వచ్చింది. దేశం మొత్తం ఈ మిషన్ 2025 మార్చితో ముగిసింది, కట్టినవి మిగిలినాయి, వాటి మెయింటెనెన్స్ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది అంటే తిరిగి కార్పొరేషన్ నెత్తినే.

శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కథ చూస్తే ఇవన్నీ ఒకదాంట్లో ఒకటి ఎట్లా పెనవేసుకున్నాయో తెలుస్తుంది. 2019లో తెలుగుదేశం ప్రభుత్వం గరుడ వారధి అని శంకుస్థాపన చేసింది, ప్రభుత్వం మారింది, పేరు శ్రీనివాస సేతు అయింది, 2023 సెప్టెంబర్ 18న జగన్మోహన్ రెడ్డి పూర్తి వంతెన ప్రారంభించినారు. ఖర్చు సుమారు 650 కోట్లు, అందులో మూడింట ఒక వంతు టీటీడీ వాటా, మిగతాది స్మార్ట్ సిటీ కంపెనీ వాటా. కొండకి పోయే బస్సులు, కార్లు లీలామహల్ దగ్గర, నంది సర్కిల్ దగ్గర కింద ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా పైనే పోవాల అనేది ఉద్దేశం, ఆ పని అది చేస్తాంది, కాదనను. రెండు పార్టీలూ మాది అంటాయి, రెండిటి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ తిరుపతి కౌన్సిల్ ఎన్నికలు జరిగింది 2021లో, అంటే ఊరి మధ్యలో స్తంభాలు లేచేటప్పుడు మొదట్లో కౌన్సిలే లేదు! సిటీలో అతి పెద్ద కట్టడం గురించి ఆ రోడ్డు మీద షాపులు పెట్టుకున్నోళ్ళ తరఫున సభలో మాట్లాడే కార్పొరేటర్ ఒక్కడు కూడా లేడు.

ఇంక టీటీడీ డబ్బుల సంగతి, దీని మీద మాట్లాడితే మన ఊర్లో రెండు నిమిషాల్లో గొంతులు లేస్తాయి. 2023లో భూమన కరుణాకర రెడ్డి చైర్మన్‌గా ఉన్నప్పుడు బోర్డు బడ్జెట్‌లో 1 శాతం తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానం చేసింది. ఇప్పుడు టీటీడీ వార్షిక బడ్జెట్ 5 వేల కోట్లు దాటింది, 2025-26కి 5,258 కోట్లు, అంటే 1 శాతం అంటే ఏటా 50 కోట్ల పైమాటే. భక్తులు హుండీలో వేసిన డబ్బు సిటీ రోడ్లకి ఎట్లా వాడతారు అని గొడవ అయింది, రాష్ట్ర ప్రభుత్వమే ఆ తీర్మానానికి ఒప్పుకోలేదు, వ్యవహారం హైకోర్టు దాకా పోయింది.

నా అభిప్రాయం దాచుకోను. యాడనో మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో ఉండే ముసలామె ముడుపు కట్టి తెచ్చి వేసిన రూపాయి మన డివిజన్ సీసీ రోడ్డుకి, అదీ ఎలక్షన్ ముందర, పోవడం నాకు సరిగ్గా అనిపించదు. అదే టైంలో రోజూ అరవై డెబ్బై వేల మంది యాత్రికులు దిగే ఊర్లో, వాళ్ళు వాడే నీళ్ళు, వదిలే చెత్త, నడిచే రోడ్డు, ఈ బరువంతా మూడు నాలుగు లక్షల మంది కట్టే ఇంటి పన్ను మీద పెట్టడం కూడా న్యాయం కాదు. తూకివాకం ప్లాంటుకి పోయే చెత్త బండ్లలో ఉండేది మన ఇళ్ళ చెత్త ఒక్కటే కాదు, లాడ్జీలు, హోటళ్ళు, బస్టాండ్, రైల్వే స్టేషన్ చెత్త కూడా. కాబట్టి శాతాల లెక్క వదిలేసి, యాత్రికుల వల్ల పడే ఖర్చు ఏది, ఎంత అని లెక్కగట్టి, ఫలానా సేవకి ఫలానా మొత్తం అని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటే బాగుంటుంది, అందులో రాష్ట్రం వాటా కూడా ఉండాల. చైర్మన్ మారినప్పుడల్లా మారే దయ మీద ఊరు బతకకూడదు.

మాస్టర్ ప్లాన్ రోడ్ల మీద కూడా రెండు ముక్కలు చెప్పాల. గత కౌన్సిల్ టైంలో చాలా రోడ్లు తెరిచినారు, కొన్ని నిజంగా అవసరమైనవి, దశాబ్దాలుగా మ్యాపులో గీతలుగానే ఉండిపోయినవి. స్థలం పోయిన వాళ్ళకి డబ్బు బదులు టీడీఆర్ బాండ్లు ఇచ్చినారు. బాండ్ అంటే పోయిన స్థలం బదులు వేరే చోట అదనంగా అంతస్తు కట్టుకునే హక్కు, తనకి అక్కర్లేకపోతే బిల్డర్‌కి అమ్ముకోవచ్చు. కార్పొరేషన్ ఖజానాలో పైసా లేకుండా రోడ్డు వేయొచ్చు కాబట్టి అధికారులకి ఇది చాలా సులువు. ఇబ్బంది అంతా స్థలం విలువ కట్టే దగ్గర, ఏది ఇంటి స్థలం, ఏది ఖాళీ పొలం, రేటు ఏ రోడ్డు రేటు అనే దగ్గర ఒక్క గీత మారితే బాండ్ విలువ కోట్లలో మారిపోతుంది. తిరుపతిలో ఈ బాండ్ల మీద ఆరోపణలు బాగా వచ్చినాయి. బాండ్ ఎవరికి, ఏ సర్వే నంబర్‌కి, ఎంతకి ఇచ్చినారో జాబితా మొత్తం నోటీస్ బోర్డులో పెడితే సగం అనుమానాలు ఆ రోజే తీరిపోతాయి.

ఇప్పుడు ఎలక్షన్ల దగ్గరికి వద్దాం. 2007లో కార్పొరేషన్ అయిన ఊరికి మొదటి ఎన్నికలు 2021 మార్చిలో! 14 ఏళ్ళు ప్రభుత్వం వేసిన స్పెషల్ ఆఫీసర్లు నడిపినారు. 2007లో పుట్టిన పాప తొమ్మిదో తరగతికి వచ్చేదాకా ఆ వీధికి కార్పొరేటర్ లేడు. మున్సిపాలిటీ గడువు అయిదేళ్ళు, అది ముగిసే లోపలే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం 243యు అధికరణం చెప్తుంది, అయినా మన ఊర్లో ఇట్లా జరిగింది. కారణం ఏదైనా, ఊరు వేగంగా పెరిగిన సంవత్సరాలు అవే, చెరువులు ప్లాట్లు అయిన సంవత్సరాలూ అవే.

2021లో కూడా సగానికి కాస్త తక్కువ డివిజన్లలో ఏకగ్రీవం, పోలింగే జరగలేదు. ఫలితాలు వచ్చిన 49లో 48 వైఎస్సార్‌సీపీవి, తెలుగుదేశానికి ఒక్కటి. డాక్టర్ శిరీష మేయర్ అయినారు. ఏ పార్టీ అయినా సరే, 49కి 48 అంటే సభలో ప్రశ్న అడిగే నోరు ఉండదు, అది ఊరికి మంచిది కాదు. తర్వాత ఏమైంది? 2019 అసెంబ్లీలో కేవలం 708 ఓట్లతో తేలిన ఈ సీటు 2024లో దాదాపు 62 వేల మెజారిటీతో జనసేనకి, ఆరణి శ్రీనివాసులుకి పోయింది. ఇంక కార్పొరేటర్లు వరసగా పక్క మారడం మొదలైంది. 2025 ఫిబ్రవరిలో డిప్యూటీ మేయర్ ఎన్నిక ఎస్వీ యూనివర్సిటీలో పెడితే మొదటి రోజు గొడవలతో ఆగిపోయింది, మర్నాడు 26 ఓట్లతో గెలిచింది ఎవరు అంటే, 2021లో తెలుగుదేశం తరఫున గెలిచిన ఆ ఒక్క కార్పొరేటర్, ఆర్‌సీ మునికృష్ణ. ఈ మధ్యలో తిరుపతి జనం కార్పొరేషన్‌కి ఒక్క ఓటు కూడా కొత్తగా వేయలేదు. మేయర్ని, డిప్యూటీ మేయర్ని మనం నేరుగా ఎన్నుకోము, కార్పొరేటర్లు, వాళ్ళతో పాటు ఎక్స్ అఫీషియోగా ఎమ్మెల్యే, ఎంపీ, ఎమ్మెల్సీ లాంటి వాళ్ళు ఓటేస్తారు, అందుకే బ్యాలెట్ పెట్టె తెరవకుండానే సభ రంగు మారగలదు.

ఓటర్ల జాబితా గురించి కూడా మర్చిపోకూడదు. 2021 ఏప్రిల్ లోక్‌సభ ఉప ఎన్నికప్పుడు దొంగ ఓట్ల గొడవ దేశం మొత్తం చూసింది. వేల ఓటర్ కార్డులు అధికారి లాగిన్ నుంచి అక్రమంగా డౌన్‌లోడ్ అయినాయని తేలి, అప్పట్లో ఆ బాధ్యతలో ఉన్న ఐఏఎస్ అధికారిని 2024 జనవరిలో ఎన్నికల సంఘం ఆదేశం మీద సస్పెండ్ చేసినారు. మన దగ్గర అసెంబ్లీ సీటు ఓటర్ల నమోదు బాధ్యత ఉండేది మున్సిపల్ కమిషనర్ దగ్గరే. చెత్త, పన్ను, ప్లాన్లు, ఓటర్ లిస్టు, అన్నీ ప్రభుత్వం బదిలీ చేయగలిగిన ఒకే మనిషి చేతిలో ఉండడం నాకు ఎప్పుడూ భయంగానే ఉంటుంది.

మిగిలింది గ్రేటర్ తిరుపతి. చుట్టుపక్కల పంచాయతీలు కలిపేసి పెద్ద కార్పొరేషన్ చేయాల అనే ప్రతిపాదన. నీళ్ళ కథ చదివినాక కలపడం మంచిదే కదా అనిపిస్తుంది, నాకూ అట్లనే అనిపిస్తుంది, కాలవ మొదలూ చివరా ఒకే ఆఫీసు కింద ఉంటే కనీసం తప్పించుకునే దారి ఒకటి మూసుకుపోతుంది. కానీ పల్లె వాళ్ళ భయం ఉత్తది కాదు. కలిస్తే ఉపాధి హామీ పని పోతుంది, పొలం పని మీద ఇంకా బతికే ఇళ్ళు ఆ పంచాయతీల్లో ఉన్నాయి, ఇంటి పన్ను సిటీ లెక్కలోకి వస్తుంది, అడిగితే ఇంటికి వచ్చే సర్పంచ్ బదులు తిలక్ రోడ్డుకి బండేసుకుని రావాల. పన్ను మొదటి రోజు నుంచి, డ్రైనేజీ పదేళ్ళకి అంటే ఎవరు ఒప్పుకుంటారు? పైగా అప్రూవల్ లేని లేఅవుట్లలో ప్లాట్లు కొని, వాటిని సక్రమం చేయించుకోడానికి ఎల్ఆర్ఎస్ ఫీజు కట్టిన వాళ్ళు వేలల్లో ఉంటారు, వాళ్ళు ఒకసారి ఫీజు కట్టేసినారు, ఇంకా కాలవ రాలేదు. కలిపే ముందర ఏ పంచాయతీకి ఏ పని ఏ సంవత్సరంలో అని రాసిచ్చి, పన్ను పెంపు ఆ పనికి ముడి పెడితే తిట్టుకునే వాళ్ళు సగం తగ్గుతారు.

ఇంకో చిన్న విషయం గ్రేటర్ గొడవలో కొట్టుకుపోతాంది, కానీ మన మీద నేరుగా పడేది అదే. కౌన్సిల్ అయిదేళ్ళ గడువు 2026 మార్చితో సరి, ఊరి హద్దు మారితే డివిజన్ల హద్దులు మళ్ళీ గీయాల. మీ వీధిని రెండు ముక్కలు చేసి అటొకటి ఇటొకటి వేసేది, కాలవకి ఈ పక్క ఒక డివిజన్, ఆ పక్క ఇంకో డివిజన్ చేసేది ఆ డ్రాఫ్ట్‌లోనే, రిజర్వేషన్లు దాని తర్వాత. డ్రాఫ్ట్ పెట్టినప్పుడు అభ్యంతరాలు చెప్పడానికి కొన్ని రోజులు మాత్రమే టైం ఇస్తారు, పార్టీల వాళ్ళు మ్యాపు ముందేసుకుని కూర్చుంటారు, మామూలు జనం ఫలితాల రోజు చూసుకుంటారు. ఆ నోటీసు వచ్చిన రోజే కార్పొరేషన్ ఆఫీసుకి పోయి మీ వీధి ఏ డివిజన్లో పడిందో, మీ కాలవ యాడ నుంచి యాడికి పోతాందో రెండూ పక్క పక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే ఒక తెల్ల కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి.